మందు కొట్టని టమాటా

దర్శి నుంచి ఒంగోలు వెళ్లే బస్సులో నా పక్కన ఒక కూలి మనిషి కూర్చుంది. మిరపతోటలో పురుగుమందు కొట్టి వస్తోంది. చీర మీద వేసుకున్న మగవాళ్ల చొక్కా అంతా ఆ వాసనే. నా సంచిలో మా మేడ మీద పండిన టమాటాలున్నాయి. గొప్పగా ఒకటి తీసి ఇచ్చాను.

“మందు కొట్టనిది. తిని చూడు.”

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “పురుగు పట్టదా అమ్మా?”

“రోజూ పొద్దున్నే నేనే చేత్తో ఏరేస్తాను.”

“మీకు తీరుబడి ఉందిలెండి,” అని నవ్వింది. “నా చేతులకి మందుంది, మూటలోనూ మందు డబ్బానే. మీరే కడుక్కోని తినండి,” అంటూ తిరిగి ఇచ్చేసింది.

దాన్ని సంచిలో వేయడానికి నాకు మనసొప్పలేదు. ఆమె తన ఊళ్లో దిగగానే కిటికీలోంచి విసిరేశాను. అది ఆమె కాళ్ల దగ్గరే పడింది.

ఆమె వంగి టమాటా తీసుకుంది. తలెత్తి, “నా చెయ్యి తగిలిందనా అమ్మా?” అని అడిగింది.

నేను కిటికీ అద్దం మూసేశాను.

మేడతోట నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకి, కూరగాయ తొక్క కూడా పారేయకూడదని ఇప్పటికీ చెబుతుంటాను. ఆమె సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.