పాముకు పది సూదులు

ఉదయం ఏడు ఇరవైకి అమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి నా గది గడప దాటింది. ఆరేళ్ళలో అదే మొదటిసారి. ఆ గదిలో నా పాము ఉండేది.

"ఏడ పట్టుకోవాలె?" అంది.

అది కార్న్ స్నేక్. నారింజ రంగు, నాలుగడుగుల పొడవు, విషం లేదు. హైదరాబాద్‌లో ఒకరి ఇంట్లో గుడ్డులోంచి వచ్చింది. కాగితాలన్నీ సక్రమంగా చేయించి తెచ్చుకున్నాను. ఇంట్లో మేమిద్దరమే. మాది చర్చికి వెళ్ళే కుటుంబం. అమ్మకు పామంటే భయం ఒకటి, బైబిల్లో దాని సంగతి చదివి ఉండటం ఒకటి. తెచ్చిన రోజే తేల్చి చెప్పింది: "అది నీ గదిల, నేను నా వంటింట్ల." ఆ ఒప్పందం ఎవరమూ తప్పలేదు.

ఆ చలికాలం పాముకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. నోరు తెరిచి గాలి పీల్చేది. పీల్చినప్పుడల్లా సన్నగా ఈల వినిపించేది. మా వరంగల్‌లో నేను అడిగిన పశువైద్యులు తమకు తెలియదని మర్యాదగానే చెప్పారు. హైదరాబాద్ డాక్టరు మూడు రోజులకొకటి చొప్పున పది సూదులు రాసి, వెయ్యడం నేర్పి పంపాడు. చాలా ఆలస్యమైందనీ, రెండు వారాలు బతికితే గొప్పనీ అన్నాడు.

సూది వెయ్యాలంటే ఒకరు పట్టుకోవాలి. వస్తానన్న స్నేహితుడు కొత్తవాడ నుంచి వచ్చి, పామును చూసి, "నాతోని కాదురా, కుక్కనైతె పట్టుకుందును" అని చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. అమ్మ అది విన్నది. అందుకే లోపలికి వచ్చింది.

"తల వెనక ఒక చెయ్యి, ఒంటి కింద ఒక చెయ్యి" అన్నాను.

కళ్ళు గట్టిగా మూసుకుని పట్టుకుంది. నేను సూది వేశాను.

"అయిపోయిందమ్మా."

కళ్ళు తెరిచింది. "జిగట జిగట ఉంటదనుకున్నరా. పట్టుచీర లెక్కున్నది."

ఐదో సూదికి ఈల తగ్గింది. ఆ వారమే మా ఇంట్లో కుటుంబ ప్రార్థన. చర్చి ఆడవాళ్ళు ఏడెనిమిది మంది వచ్చారు. ఎవరికోసం ప్రార్థించాలని అడిగినప్పుడు ఒకరు మోకాళ్ళ నొప్పి చెప్పారు, ఒకరు మనవరాలి పరీక్ష చెప్పారు. అమ్మ, "మా పాముకు పానం బాగలేదు" అంది.

"సర్పం కోసం ప్రార్థనేందక్కా? ఏదెన్ తోటల ఏం జేసిందో ఎరుకలేదా?" అంది ఒకామె.

"గది ఏదెన్ల పాము. ఇది మన ధర్మసాగర్ చెరువు నీళ్ళు తాగే పాము. దీనికి నిమ్ము చేసింది" అంది అమ్మ. "హవ్వకేం జెప్పిందో గని, నాకైతె ఒక్క మాట జెప్పలే."

ఎవరో నవ్వారు. ఆ అడిగినామె నవ్వలేదు, బిస్కెట్లు ముట్టలేదు, ఆ తర్వాత మా ఇంటికి రాలేదు. మిగతావాళ్ళు తలలు వంచి ప్రార్థించారు. నాకు అంత భక్తి లేదు. గుమ్మంలో నిలబడి ఆమేన్ మాత్రం అన్నాను.

పది సూదులూ పూర్తయ్యాయి. పాము తినడం మొదలుపెట్టింది. తల నుంచి తోక దాకా ఒక్క ముక్కగా కుబుసం విడిచింది. అమ్మ ఆ కుబుసాన్ని వెలుతురుకు పట్టి, నాతో ఫొటో తీయించి, చర్చి ఆడవాళ్ళ గ్రూపులో పెట్టించింది. నేను డాక్టరుకు ఫోన్ చేసి కొంచెం గర్వంగానే మాట్లాడాను.

రెండు వారాలన్న పాము పదకొండు నెలలు బతికింది. మరుసటి చలికాలం జబ్బు తిరగబెట్టింది. ఈసారి మందు పని చెయ్యలేదు. చివరి ఉదయం అది అమ్మ చేతుల్లో ఉంది. పెరట్లో పాతిపెట్టాం. నేను ఏడ్చాను. కానీ ఓడిపోయామని ఆ రోజు అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. చనిపోతుందన్న పాము మా చేతుల మీద పదకొండు నెలలు తిన్నది, తిరిగింది. మా అమ్మ చేతులకు భయం పోయింది.

పాము ఉన్న గాజు పెట్టె కడిగి ఎండలో పెట్టాను. ఈ చలికాలం ఆ గదిలో హీటర్ వెయ్యడం లేదు.