ఒక్కపొద్దు నాటి చిప్స్

బడి ముందరి దుకాణంలో పిల్లలకు చిప్స్ ప్యాకెట్లు, కూల్‌డ్రింకులు అమ్మొద్దని బడి కమిటీలో అందరికంటే గట్టిగా మాట్లాడింది నేనే. బోథ్ దగ్గరి మా ఊరి భజన మండలిలో ముప్పై ఏళ్లుగా పురాణం చదివి అర్థం చెబుతున్నాను. అందుకే సాత్వికాహారం గురించి శాస్త్రం చెప్పిందీ జోడించాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. దుకాణం ముందు దండల్లా వేలాడే ప్యాకెట్లు మాయమయ్యాయి.

నా ఆత్రమంతా మనవరాలి కోసం. పదకొండేళ్ల పిల్లకు ఇంత బరువు మంచిది కాదని, ఇంట్లో షుగర్ ఉంది కాబట్టి ఇప్పుడే తగ్గించాలని బడికి వచ్చిన డాక్టరు చెప్పాడు. షుగరుతో వాళ్ల తాత కాలు పోయింది, తర్వాత మనిషే పోయాడు. కొడుకు మస్కట్‌లో ఉంటాడు, కోడలు పొద్దున్నే పత్తి చేనుకు పోతుంది. పిల్ల తిండి నా చేతిలోనే ఉంది.

దుకాణం కట్టడి అయ్యాక పిల్లలో మార్పు వచ్చింది. నాతో పాటు ఏకాదశికి ఒక్కపొద్దు ఉంటానంది. తర్వాత సోమవారం, ఆపైన శనివారం కూడా మొదలుపెట్టింది. దేవుడు ఒక్క దెబ్బకు రెండు మేళ్లు చేశాడని మండలిలో చెప్పుకుని మురిశాను.

రెండు నెలలకు బడిలో మళ్లీ తూచారు. పిల్ల మూడు కిలోలు పెరిగింది.

ఆ శనివారం నాకు కాలు నిలవలేదు. దొంగచాటుగా అమ్ముతోందని దుకాణం ఆమె మీదికి పోయాను. ఆమె డబ్బాలన్నీ మూతలు తీసి నా ముందు పెట్టింది. తర్వాత నింపాదిగా అంది:

"నీ మనుమరాలు నా దుకాణం మెట్టెక్కక రెండు నెలలాయె అక్కా. నా దగ్గర కొంటె రోగమట, మీ ఇంట్ల తింటె పుణ్యమట."

కోపంతో ఇల్లు చేరాను. పొయ్యి మీద కడాయి ఇంకా వేడిగానే ఉంది. ఒక్కపొద్దు రోజు తినేదాన్ని మా వైపు ఫరాళ్ అంటారు. అన్నం, రొట్టె ముట్టం గాని సగ్గుబియ్యంతో చేసే సాబుదాన వడలు, పల్లీ నూనెలో వేయించిన ఆలుగడ్డ చిప్స్ తింటాం. మా అత్త అలాగే చేసేది, నేనూ అలాగే చేస్తున్నాను. బయల్దేరే ముందు నేను వేయించిన చిప్స్ పళ్లెం మనవరాలి ఒడిలో ఉంది.

ఇన్ని ఒక్కపొద్దులు ఎందుకు ఉంటున్నావని అడిగాను. పిల్ల భయపడలేదు.

"ఒక్కపొద్దుంటెనే గద బాపమ్మా చిప్స్ పెడ్తవు. మంగళవారం సుత ఉండొచ్చా?"

ఆ రాత్రంతా నామం జపిస్తూనే ఉన్నాను, ఒక్కటీ లోపలికి దిగలేదు.

తర్వాతి ఏకాదశికి నూనె డబ్బా మూత తీయలేదు. రెండు జామపండ్లు కోసి, మజ్జిగ పెట్టాను. మధ్యాహ్నం పిల్ల వంటింట్లోకి తొంగి చూసింది. ఫరాళ్ లేదని చెబితే కాసేపు ఆలోచించి, అయితే ఇవాళ ఒక్కపొద్దు లేదని, రొట్టె పెట్టమని అడిగింది. ఏకాదశినాడు ధాన్యం ముట్టడం పాపమని ఈ ఊరికి చెప్పిందే నేను. నా చేతులతోనే జొన్నరొట్టె కాల్చి, పప్పు వేసి పెట్టాను. రెండు తిని ఆడుకోవడానికి పోయింది. నేను దేవుడి పటం వైపు చూడలేకపోయాను.

సాయంత్రం మండలిలో ఏకాదశి మహిమ చదవాలి. ఎదురుగా అరటాకుల కింద వడలు, చిప్స్ పళ్లేలు పేర్చి ఉన్నాయి. ముందు వరుసలో పిల్లలు, వాళ్లలో నా మనవరాలు. చదువుతూ చదువుతూ ఆగిపోయాను. ప్యాకెట్లు ఆపమన్న నోటితోనే, వచ్చే ఏకాదశి నుంచి ఇక్కడ పండ్లే పెడదామన్నాను. ఒకామె చిప్స్ మీది ఆకు సర్దింది. వెనక కూర్చున్న దుకాణం ఆమె తల వంచుకుంది, నవ్వుతోందేమో తెలియలేదు.

వచ్చే నెల బడిలో మళ్లీ తూస్తారు. పుస్తకంలో వేలు పెట్టుకునే ఉన్నాను గాని ఎక్కడ ఆపానో దొరకలేదు. మనవరాలు నా వైపు కాదు, పళ్లేల వైపు చూస్తోంది. నిజం చెప్పాలంటే, పొద్దుటి నుంచి ఏమీ తినని నాకూ ఆ వేడి నూనె వాసనే తగులుతోంది.