హన్సీనా తొలి ముక్క

ఊరు పంచుకున్న తిమింగలంలో తన వాటా ఇల్లు చేరగానే, హన్సీనా కత్తిని బొటనవేలికి ఆనించి పదును చూసుకుని కొవ్వు కోస్తుంది. తొలి ముక్క కూతురు రన్వాకే. కడుపుతో ఉన్నప్పుడూ, బాలింతగానూ "తినవే, పాలు పడతాయి" అంటూ నోట్లో పెట్టింది. ఇవాళా కోస్తుండగా నర్సు వచ్చింది. ఎక్కడి ఫ్యాక్టరీల విషమో సముద్రంలో కలిసి ఆ కొవ్వులో చేరిందనీ, తల్లిపాలతో బిడ్డకు దిగిందనీ, టీకాలు వేసినా పసివాడి ఒంటికి రోగాన్ని తట్టుకునే శక్తి రాకపోవడం అందుకే కాబోలనీ చెప్పింది.

"ఇంకో సూది వెయ్యమ్మా!"

"వేస్తాం పెద్దమ్మా. పనిచేస్తుందని మాత్రం మాటివ్వలేను."

"పోనీ, నా నెత్తురు తీసి ఎక్కించు!"

"నీ ఒంట్లోనూ ఆ కొవ్వేగా అమ్మా," అంది రన్వా.

జ్వరంతో మూలుగుతున్న మనవడు అలవాటుగా ఆమె వేలు చీకబోయాడు. హన్సీనా చటుక్కున చెయ్యి లాక్కుంది. వాడు ఏడుస్తూనే ఉన్నాడు, ఆమె సబ్బుతో చేతులు తోముకుంటూనే ఉంది.