కోటు మీది జాజు

మా ల్యాబ్ అటెండరుకు ఆటలమ్మ ఎలా సోకిందో తెలిసి కూడా నేను రెండేళ్లు నోరు విప్పలేదు. వనపర్తిలో ఒక డిగ్రీ కాలేజీలో నేను సూక్ష్మజీవశాస్త్రం చెబుతాను. ఆమె అప్పుడు ఐదో నెల గర్భిణి. నా నడుముకు సర్పి లేచింది. మంట భరించలేక, ఊళ్లో అందరిలాగే, పొక్కుల మీద జాజుతో, అంటే ఎర్రమన్నుతో, సింహం బొమ్మ వేయించుకున్నాను. ఆటలమ్మ వైరస్సే నరాల్లో దాగి ఏళ్లకు సర్పిగా లేస్తుందని, ఆ పొక్కుల నీరు తగిలినవాళ్లకు ఆటలమ్మ రావచ్చని పాఠం చెప్పేది నేనే. జాజు సంగతి తెలిస్తే పిల్లలు నవ్వుతారని దాచాను.

పొక్కుల రసి, జాజు అంటిన నా తెల్లకోటును ఎప్పటిలాగే ఆమే ఉతికింది.

"ఏంది సారూ, ఎర్రమన్నుల పొర్లిన్రా?" అంది. నేనూ నవ్వి ఊరుకున్నాను.

రెండు వారాలకు ఆమె ఒళ్లంతా పొక్కులు. "మొక్కు తీర్చకుంటే అమ్మ ఊకుంటదా?" అని అత్త తిట్టి పుట్టింటికి పంపింది. బిడ్డ క్షేమంగానే పుట్టి, ఆమె అత్తింటికి తిరిగొచ్చినా ఆ నింద పోలేదు.

మొన్న ఖిల్లా ఘణపూర్‌లో వాళ్లింటికి వెళ్లి, అత్త ఎదుటే అంతా చెప్పాను.

"గప్పుడే జర చెప్తే కోటు ముట్టకపోయేదాన్ని గద సారూ" అందామె.

"అవునమ్మా. నవ్వులపాలైతనని దాచిన. తప్పు నాది, నీది కాదు. నన్ను క్షమించు" అన్నాను.