కొత్త హీరో ఎన్ని సినిమాలు చేశాడు?

ఆ రోజుల్లో ఫిల్మ్‌నగర్‌లో ఉద్యోగమంటే చాలు, చుట్టాలందరూ "ఏ హీరోని చూశావే?" అని చుట్టుముట్టేవారు. నేను చూసింది కంప్యూటర్ తెర ఒక్కటే. నాన్న నన్ను బడికి పంపకుండా భోజనాల బల్ల దగ్గరే చదువు చెప్పారు. సినిమాలు మా గడప తొక్కలేదు (ఆ లోటూ తెలియలేదు, దేవునికి స్తోత్రం). అలాంటిదాన్ని, షూటింగులకు బట్టలు అద్దెకిచ్చే ఒక పెద్దమ్మకు, ఏ బట్టలు ఏ షూటింగ్‌కి వెళ్లాలో చూసుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేసే పనిలో పడ్డాను. ఆ పని దక్కితేనే మా చిన్న ఆఫీసు నిలుస్తుంది, నా ఉద్యోగమూ ఖాయమవుతుంది.

దాన్ని దేనితో తయారుచేయాలన్నదే తగాదా. బాసుగారికి అప్పుడే వచ్చిన టెక్నాలజీ మీద మోజు. మేమంతా 'నిదానం అక్క' అని పిలుచుకునే మా సీనియర్ మాత్రం యూసుఫ్‌గూడలో పెద్దమ్మ గోడౌన్‌కి వెళ్లి, ఒక పూటంతా బట్టల మూటల మధ్య కూర్చుని వచ్చింది. "తెల్లవారకముందే వ్యాన్లు బయల్దేరతాయి సార్. ఆ వేళ మన సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే షూటింగే ఆగిపోతుంది. బాగా నలిగిన పాత టెక్నాలజీయే నయం" అంది. బాసుగారు వింటేగా!

మీటింగులో ఆయన ఇంగ్లీషు ధాటికి విసిగిపోయి పెద్దమ్మ నావైపు తిరిగింది. "నువ్వు జెప్పు బిడ్డా. గిండ్ల హీరో ఎవరు?"

బాసుగారు మోజుపడ్డ టెక్నాలజీ పేరు చెప్పాను.

"కొత్తోడా?"

"అవునండీ, మొన్నమొన్ననే వచ్చాడు." (నేనూ 'వచ్చాడు' అనేశాను!)

"ఎన్ని సినిమాలు జేసిండు?"

అబద్ధమాడటం నాన్న నేర్పలేదు. "మా దగ్గర ఇదే మొదటిదండీ."

టీ కప్పు ఠక్కున కింద పెట్టింది. "ఏందీ! గా కొత్తోని లాంచింగ్‌కి నా బట్టలే దొరికినయా?"

బాసుగారి ముఖంలో నెత్తురుచుక్క లేదు. నేను బల్ల కింద చేతులు జోడించి ప్రార్థన అందుకున్నాను.

అప్పుడు అక్క, ఎప్పటి నిదానంతోనే, "అతన్ని పక్కన పెడదాం పెద్దమ్మా. మన దగ్గరొక సీనియర్ క్యారెక్టర్ ఆర్టిస్టున్నాడు. పోస్టర్ మీద కనబడడు. కానీ చీకటితోనే షాట్ రెడీ అన్నా, మేకప్ వేసుకుని నిలబడి ఉంటాడు" అంది.

"జర గట్ల జెప్పుండ్రి! గాయన్నే పెట్టుండ్రి. ముహూర్తం నేను జూపిస్త."

పెద్దమ్మ వెళ్లాక, 'నేను ముందే చెప్పలేదా' అన్న మాట అక్క నోట రాలేదు. "అమ్మాయి నిజం చెప్పబట్టి గట్టెక్కాం సార్" అంది. అంత పెద్ద మనసు నేను మళ్లీ చూడలేదు. (ముహూర్తం రోజున పెద్దమ్మ కొబ్బరికాయతో నేరుగా కంప్యూటర్ వైపు నడుస్తుంటే, బాసుగారు అడ్డంపడి కాపాడుకున్నారు.)

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు ఏ కొత్త టెక్నాలజీ తెచ్చినా, "ఎన్ని సినిమాలు చేశాడమ్మా?" అంటాను. అక్క నిదానం నాకింకా అబ్బలేదు గానీ, ఆ ప్రశ్న మాత్రం మిగిలింది. పిల్లలు చాటుగా నవ్వుకుంటారు. మేడమ్‌కి సినిమా పిచ్చి అనుకుంటారట, పాపం.