కంప్యూటర్ వేసిన డ్యూటీ

మా వైపు సగం మంది మగవాళ్లది ఒకే అమ్మవారి పేరు. నేను పనిచేసిన రోడ్డు కాంట్రాక్టరు దగ్గర డ్రైవర్లదీ అంతే. అందుకని వాళ్లను ఊరి పేర్లతో పిలిచేవాళ్లం. ఒకడు రావికమతం, ఇంకొకడు కొయ్యూరు. రోలర్ తోలేవాడు నాతవరం. ఆ పిలుపు వల్ల కంప్యూటర్ తికమకపడి నాతవరాన్ని కొయ్యూరు కొండల్లోకి పంపేసిందని నర్సీపట్నంలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఆ కథ పుట్టించింది నేను. అది అబద్ధం.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న రోజులు. కాంట్రాక్టరు గారు విశాఖపట్నంలో ఎవరి ఆఫీసులోనో చూసి ఒక సాఫ్ట్‌వేర్ కొనుక్కొచ్చారు. తెర మీద ఎడమవైపు మనుషులు, పైన బళ్లు, మధ్యలో పనులు జరిగే చోట్లు గడులుగా ఉండేవి. మనిషి పేరున్న రంగు డబ్బాను మౌస్‌తో లాగి గడిలో వదిలితే డ్యూటీ పడినట్టే. ఆ పని నాది. డిగ్రీ తప్పినవాడికి దొరికిన తొలి అధికారం.

ఉదయాన్నే డ్రైవర్లు బల్ల చుట్టూ నిలబడేవారు. మానిటర్ వాళ్లవైపు తిప్పి, ఒక్కొక్కడి డబ్బాను పైకి లేపి, వదలకుండా ఊపేవాణ్ణి. "చెప్పు, ఎక్కడ పడేయమంటావు?" జ్వరమన్నవాణ్ణి తారు పొయ్యి దగ్గర వదిలేవాణ్ణి. వాళ్ల కళ్లు బాణం గుర్తు వెంట తిరుగుతుంటే కడుపు నిండినట్టుండేది.

"బాబూ, ఆ సేతిలోదాన్నేటంటారు?" నాతవరం ఒకరోజు అడిగాడు.

"మౌస్. అంటే ఎలక."

"ఎలకనాడించీవోడు గేదెని తోల్లేడంటారు మావూళ్లో. ఓపాలి రోలరెక్కి సూపించండి."

కాంట్రాక్టరు గారు కూడా పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను.

అతని తల్లి పక్షవాతంతో మంచాన పడి ఉంది. అందుకే అతన్ని సొంతూరి కాలవ గట్టు రోడ్డు మీదే ఉంచమని కాంట్రాక్టరు గారు చెప్పారు. మధ్యాహ్నం ఇంటికెళ్లి తినిపించి వచ్చేవాడు. "నానెట్టకపోతే ముద్ద మింగదు బాబూ" అని నాతో అన్నాడొకసారి. ఎక్కడ కొట్టాలో అలా తెలిసింది.

కాంట్రాక్టరు గారు హైదరాబాద్ వెళ్లగానే అతని డబ్బాను కొయ్యూరు గడిలో వదిలాను.

"తప్పు పడిపోయినట్టుంది బాబూ, బేగి మార్సీయండి. మాయమ్మ సంగతి మీకెరికే గదా."

"నేనేం చేయను? నీ పేరూ నాతవరమే, పని జరిగే ఊరూ నాతవరమే. ఒకే మాట రెండుసార్లుంటే కంప్యూటర్ ఒప్పుకోదు."

"పోనీ నా పేరు మార్సీసి..."

"ఎలకనడుగు."

ఈసారి అందరూ నా పక్షాన నవ్వారు. వెళ్లకపోతే పని పోతుంది. తల్లిని పక్కింటామెకు అప్పగించి లారీ ఎక్కాడు. కొండల్లో ఫోన్లు పలకవు, లారీ వారం దాకా దిగదు. పక్కింటామె గంజి పోయబోతే ఆ ముసలమ్మ పళ్లు బిగించుకుందట. పక్కింటామె భర్త ఆఫీసుకొచ్చి, "ఆడికి కబురెట్టండి బాబూ, మనిసి నిలిసీలా లేదు" అన్నాడు. బయట జీపు ఖాళీగానే ఉంది. సరేనన్నాను. కుర్చీలోంచి లేవలేదు.

నాతవరం లారీ దిగేసరికి తల్లి బూడిద కూడా చల్లారింది.

తర్వాత అతను రోలర్ మానేసి షేర్ ఆటో కొనుక్కున్నాడు. కొన్నేళ్లకు పని మీద నాతవరం ఊరికి వెళ్లి, తిరుగు దారిలో తెలియక అదే ఎక్కాను. గుర్తుపట్టి, తన పక్కన కూర్చోబెట్టుకుని, వెనక వాళ్లకు చూపించాడు. "ఈ బాబే. మనల్ని కంప్యూటర్ మోసం సేసినప్పుడు ఈ బాబే ఉన్నారక్కడ." కథంతా చెప్పాడు. ఎలక దగ్గర అందరూ నవ్వారు.

వాళ్లు దారిలో దిగిపోయాక అన్నాను: "కంప్యూటర్ కాదు. నేనే వేశాను. నువ్వన్న ఎలక మాటకి."

అతను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "ఊరుకోండి బాబూ. మడిసన్నోడు సేత్తాడేటి అలాగ? మిసనే."

మళ్లీ చెప్పబోయాను. ఖాళీ రోడ్డు మీద హారన్ నొక్కాడు. నేను నోరు తెరిచినప్పుడల్లా నొక్కుతూనే ఉన్నాడు, నర్సీపట్నం వచ్చేదాకా.