కొసరాయన రెండో ఇంజన్

బట్టల కొట్లో మీటరు బద్ద పట్టుకుని జీవితం గడిపిన మనిషి విమానాల్లోకి ఎలా వచ్చాడని ఎవరైనా అడిగితే, చిరిగిన రెక్కలోంచి వచ్చాడని చెప్పాలి. ఆయన తోడల్లుడు పళ్ళ డాక్టరు. ఎవరో వదిలించుకుంటున్న రెండు సీట్ల చిన్న విమానాన్ని ఆ డాక్టరు మోజుపడి కొన్నాడు. అల్యూమినియం గొట్టాలు, ఇనుప తీగలు, గుడ్డ రెక్కలు, ముక్కు దగ్గర పాత స్కూటరు ఇంజనుకి పెద్దన్నలాంటి టూ స్ట్రోక్ ఇంజను. రెక్కల గుడ్డ ఎలుకలు కొట్టేసి ఉంది. గుడ్డ అనగానే ఇంట్లో అందరి చూపూ ఒక్కరి మీదికే పోయింది. ఆయన గుడ్డ తెప్పించి, కొలిచి, కోసి, దగ్గరుండి తొడిగించాడు. ప్రతి ముక్కా కావలసినదానికంటే నాలుగు వేళ్ళు ఎక్కువే కోశాడు. అందుకు బదులుగా విమానంలో సగం వాటా దక్కింది.

ఆ నాలుగు వేళ్ళే ఆయన చరిత్ర. కొట్లో ఎవరికి ఏ బట్ట కొలిచినా, చివర నాలుగు వేళ్ళు వదిలి కత్తెర పెట్టేవాడు. యజమాని సరుకుతో దానం చేసి దీవెనలు తాను పట్టుకెళ్ళాడని గిట్టనివాళ్ళు అనేవారు. అసలు పేరు కాగితాలకే మిగిలింది, ఊళ్ళో అందరికీ ఆయన కొసరాయన. తలుపుకి గడియ పెట్టి, తాళం వేసి, పైన తాడు కూడా కట్టేవాడు. మందు రెండు చెంచాలని రాసి ఇస్తే, మూడోది డాక్టరు మొహమాటపడి రాయలేదనుకునేవాడు. కంచం ముందు పెట్టగానే, రుచి చూడకుండానే కూరలో మరికాస్త ఉప్పు కలుపుకునేవాడు. ఇచ్చిన కొలత సరిపోతుందని నమ్మడం ఆయన దృష్టిలో ఒకరకం పిసినారితనం.

ఊరి చివర గడ్డి రన్‌వే, రేకుల షెడ్డు, నీడకి ఒక టార్పాలిన్. అదే ఫ్లయింగ్ క్లబ్బు. అక్కడ నేర్పే మనిషిని అందరూ మాస్టారనేవారు. డాక్టరు ఏడాదిలో నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాడు. కొసరాయన ఆరేళ్ళుగా శిష్యుడిగానే ఉన్నాడు. ఆయన కోరిక చాలా చిన్నది. మాస్టారు పక్క సీట్లోంచి దిగిపోవాలి, తాను ఒక్కడే లేచి ఒక చుట్టు కొట్టి దిగాలి. సోలో అంటారు దాన్ని. అది అయితే తప్ప లైసెన్సు మాట ఎత్తడానికి లేదు.

సోలో అనుకున్నప్పుడల్లా ఇంజను మొరాయించేది. ఒకసారి దగ్గు, ఒకసారి పొగ, ఒకసారి రన్‌వే సగం దాకా పరుగెత్తి నీరసం. ప్లగ్గులు విప్పితే బొగ్గులా నల్లగా, జిడ్డుగా ఉండేవి. తుడిచి పెడితే నాలుగు రోజులకి మళ్ళీ అంతే. నమ్మకంలేని ఇంజనుతో శిష్యుణ్ణి ఒంటరిగా పంపనని మాస్టారు చెప్పేశాడు.

చివరికి డాక్టరు సైలెన్సర్ విప్పి, క్లినిక్‌లో నోరు చూసే బుల్లి అద్దాన్ని సిలిండర్ కన్నంలోకి పెట్టి చూశాడు.

"అన్నయ్యా, పిస్టన్ రింగులు గాడిలోనే అతుక్కుపోయాయి. ఇంత గార పట్టిన నోరు నా సర్వీసులో చూళ్ళేదు."

"కడిగితే పోదా తమ్ముడూ?"

"కడిగే దశ దాటింది. మొత్తం పీకేయాల్సిందే."

పీకేశారు. షెడ్డు దూలానికి గొలుసు వేసి పాత ఇంజనును లేపారు. కొత్తది వచ్చింది. రబ్బరు దిమ్మలు మార్చారు, బోల్టులు బిగించారు, అవి ఊడిపోకుండా తీగ మెలేశారు. బోల్టు ఎంత బిగించాలో చూపే పానా ఒకటుంటుంది. సరిపోయిందనగానే అది టక్కుమంటుంది. టక్కుమన్నాక కొసరాయన దాన్ని పక్కన పెట్టి, మామూలు పానాతో ఇంకో పావు చుట్టు తిప్పాడు. ఒక బోల్టు తల తెగి చేతిలోకి వచ్చింది. "చూశావా, ముందే బలహీనంగా ఉంది. గాల్లో ఊడి ఉంటే?" అన్నాడు.

విమానం తోకను గుంజకి కట్టి, కొత్త ఇంజనును నెమ్మదిగా, జోరుగా, మళ్ళీ నెమ్మదిగా తిప్పి మచ్చిక చేశారు. వారం తిరక్కుండానే ప్లగ్గులు నల్లబడ్డాయి.

అప్పుడే మాస్టారు ఇంకో మాట చెప్పాడు. నెలాఖరుకి ఆయన ఊరు వదిలి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. కొసరాయన సోలో ఈ లోపు అవ్వాలి, లేదా ఇక లేదు. ఆ వయసువాణ్ణి కొత్తగా శిష్యుడిగా తీసుకునే గురువు చుట్టుపక్కల ఎక్కడా లేడు.

ఆ రాత్రి కొసరాయన అన్నం సరిగా తినలేదని భార్య గమనించింది. మర్నాడు డాక్టరు షెడ్డుకి కాస్త ముందు వచ్చి, సంగతి కళ్ళారా చూశాడు. టూ స్ట్రోక్ ఇంజనుకి నూనె విడిగా ఉండదు, పెట్రోల్లోనే కలిపి పోయాలి. క్యాను పెట్రోలుకి ఒక గ్లాసు ఆయిల్, గ్లాసు మీద గీత దాకా. కొసరాయన భక్తిగా గీత దాకా పోశాడు. క్యానులో ఒంపాడు. అటూ ఇటూ చూసి, సీసాలోంచి ఇంకో అరగ్లాసు క్యానులోకి జార్చాడు. తర్వాత మూత పెట్టి, దాన్ని ఒకసారి నిమిరాడు.

ఇంజనును చంపుతున్నది ఎలుకలు కాదు, వయసు కాదు, ప్రేమ అని డాక్టరుకి అర్థమైంది. అర్థమైనవాడు వెళ్ళి చెప్పాలి. కానీ తోడల్లుడికి తప్పు చెప్పడం మాటలు కాదు. పెద్దవాడు, పైగా మాట పడని మనిషి. అటు నుంచి వదిన, ఇటు నుంచి భార్య, మధ్యలో తాను. డాక్టరు నేరుగా వదిన దగ్గరికి పోయాడు.

"వదినా, అన్నయ్య ఆయిల్ ఎక్కువ పోస్తున్నాడు. అన్నయ్యకి మీరే చెప్పాలి."

ఆమె నవ్వింది. "చెబితే వింటారా మరిదిగారూ? పెళ్ళైన కొత్తలో ఉప్పు గురించి నేనూ చెప్పాను. మూడు రోజులు అలిగారు. అప్పట్నుంచి నేను సగమే వేస్తున్నాను. మిగతా సగం ఆయన వేసుకుంటారు. మా ఇంట్లో కూర ఎప్పుడైనా ఉప్పగా ఉందా?"

"లేదు."

"మరి? మీరూ అంతే చేయండి."

చదువుకున్నవాడు కనుక డాక్టరు సూత్రాన్ని వెంటనే పట్టేశాడు. ఆ సాయంత్రం గ్లాసు మీది గీతను తుడిచేసి, బాగా కింద ఇంకో గీత గీశాడు. అరగ్లాసు కొసరుతో కలిపితే లెక్క సరిగ్గా సరిపోతుంది. ఒక మనిషితో ఒక్క నిజం మాట్లాడే కష్టాన్ని ఒక్క గీతతో తప్పించుకున్నందుకు ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

గీత దిగిందని కొసరాయన గమనించనే లేదు. కొలత ఏదైనా ఆయనకి చాలనిదే కనుక, గీత ఎక్కడుందన్న పట్టింపు ఎప్పుడూ లేదు. ఇంజను మాత్రం గమనించింది. పొగ పోయింది. ప్లగ్గులు లేత గోధుమరంగుకి తిరిగాయి. మాస్టారు మూడు వారాలు పక్కన కూర్చుని తిప్పి, "ఇది ఇంజనంటే" అన్నాడు.

"నా చేతికి అలవాటు పడింది మాస్టారూ," అన్నాడు కొసరాయన.

డాక్టరు ఆకాశంకేసి చూశాడు.

సోలో రోజు పొద్దున కొసరాయన భార్య, డాక్టరు టార్పాలిన్ కింద కుర్చీలు వేసుకున్నారు. షెడ్డులో కొసరాయన పెట్రోలు కలుపుతుంటే మాస్టారు వెనకే వచ్చి నిలబడ్డాడు. గీత సంగతి మాస్టారుకి ఎవరూ చెప్పలేదు. తెలిసినవాళ్ళు తక్కువైతే గుట్టు నిలుస్తుందని డాక్టరు లెక్క.

"ఏంటది? మళ్ళీ పోస్తున్నారేంటి?"

"కొంచెం... రవ్వంత."

"రవ్వంతా! అర సీసా ఒంపుతూ రవ్వంతంటారేంటండీ! పాత ఇంజను ఎలా చచ్చిందో ఇప్పుడు తెలిసింది. ఇదిగో చెబుతున్నా, గీత మీద ఒక్క చుక్క పడిందో, ఇవాళ సోలో లేదు, ఏమీ లేదు."

ఆరేళ్ళ కోరిక గ్లాసు అంచున నిలబడింది. కొసరాయన ఆ క్యాను పక్కన పెట్టి, కొత్త క్యాను తెచ్చి, పెట్రోలు నింపి, పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి గీత దాకా మాత్రమే పోశాడు. సీసా మూత బిగించి దూరంగా పెట్టాడు. మాస్టారు భుజం తట్టాడు.

విమానం పరుగెత్తింది, లేచింది. భార్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయిదు వందల అడుగులు ఎక్కి తిరగమని మాస్టారు చెప్పాడు. కొసరాయన అయిదు వందలు దాటాడు, ఆరు దాటాడు, ఫుల్ థ్రాటిల్ మీద ఇంకా ఎక్కుతూనే ఉన్నాడు.

"ఎక్కడికండీ ఈయన?" మాస్టారు కాలు నేలకేసి కొట్టాడు. "అయిదొందలన్నానా లేదా?"

"ఆయిల్ దగ్గర మీరేదో తిట్టారని ఎక్కబోతూ నాతో అన్నారు, ఆ బెంగ ఇక్కడ తీర్చుకుంటున్నారు," అంది భార్య.

డాక్టరు తల తిప్పాడు. "ఆయిల్ దగ్గర తిట్టడమేంటి?"

మాస్టారు గర్వంగా చెప్పాడు, గీత దాకా మాత్రమే పోయించానని. డాక్టరు కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. పైన ఇంజను మోత కాస్త సన్నబడింది, బిగుసుకున్నట్టు కీచుమంది, ఆగిపోయింది. పిస్టన్ సిలిండరుకి పట్టేసింది. ముక్కు మీద తిరిగే ఫ్యాను బద్ద నిటారుగా నిలబడిపోవడం కింద ఉన్నవాళ్ళకి కూడా కనిపించింది.

"గీత దాకానా," అన్నాడు డాక్టరు. "వదినా, గీత దాకానే పోశాడట."

అంతసేపు ఫుల్ థ్రాటిల్ మీద ఎక్కించకపోతే ఆ ఇంజను ఇంకాసేపు బతికేదేమో. కానీ అంత ఎత్తు ఎక్కకపోతే, ఇంజను పోయాక రన్‌వే అందేదే కాదు. విమానం చప్పుడు లేకుండా ముక్కు దించి తిరిగింది, షెడ్డు మీదుగా వచ్చింది, గడ్డి మీద రెండు గంతులు వేసి ఆగింది. ముగ్గురూ పరుగెత్తారు. కొసరాయన బెల్టు విప్పుకుంటున్నాడు. ఆయనకి భయం లేదు, కోపం ఉంది.

"చూశారా మాస్టారూ! కక్కుర్తి పడితే ఇంతే. ఒక్క పూట, ఒక్క పూట కొసరు ఆపారు. ప్రాణం మీదికి తెచ్చారు. తమ్ముడూ, మూడో ఇంజను వచ్చాక నేనే కలుపుతాను, గీతా గీతా అని ఎవరైనా దగ్గరికొస్తే ఊరుకోను."

డాక్టరుకి మూడో ఇంజను కళ్ళ ముందు కనిపించింది, ఆయిల్లో మునిగి. చెబితే తోడల్లుణ్ణి చంపబోయినవాడవుతాడు, చెప్పకపోతే బతికినన్నాళ్ళూ ఇంజన్లు మారుస్తూ ఉండాలి. డాక్టరు రెండో దారి వైపే మొగ్గుతున్నట్టు కనిపించడంతో, కొసరాయన భార్యే ముందుకొచ్చింది.

"ఏవండీ, గీత కిందికి దించింది మరిదిగారు. దించమని చెప్పింది నేను. మీరెలాగూ ఎక్కువ పోస్తారు కదా అని."

కొసరాయన విమానం చక్రం మీద కూర్చున్నాడు. "ఎన్నాళ్ళుగా?" అన్నాడు.

"మూడు వారాలు," అన్నాడు డాక్టరు.

"నిన్ను కాదు తమ్ముడూ." ఆయన భార్యనే చూస్తున్నాడు. "ఇంట్లో ఇలాంటివి ఎన్నున్నాయి?"

ఆమె కొంగు సర్దుకుంది. "కొన్ని ఉన్నాయి. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

మాస్టారు దగ్గి, జేబులోంచి పెన్ను తీశాడు. జరిగింది జరిగినట్టు పైకి తెలిస్తే విచారణ వస్తుంది. గీత గీసినవాడెవరు, గీయమన్నదెవరు, ఆ గీత దాకానే పొయ్యమన్నదెవరు అని అడుగుతారు. మూడు ప్రశ్నలకీ ముగ్గురు దొరుకుతారు. ఆయన చాలా వేగంగా ఆలోచించగల మనిషి.

"సోలో అంటే ఒక్కరే ఎక్కాలి, ఒక్కరే దిగాలి. ఎక్కారు, దిగారు. దిగేదాకా ఇంజను తిరగాలని ఎక్కడా రాయలేదు. పాస్."

ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అంత ఏకగ్రీవంగా పైలట్ అయినవాడు ఆ క్లబ్బులో మరొకడు లేడు.

మూడో ఇంజను ఎక్కించే రోజుకి మాస్టారు ఊళ్ళో లేడు. తోడల్లుళ్ళిద్దరే బిగించారు. పానా టక్కుమనగానే కొసరాయన ఆగాడు. ఆగడం ఆయనకి ఎంత కష్టమో నుదుటి మీద చెమట చూస్తే తెలిసింది. మచ్చిక చేయడం పూర్తయ్యాక కంపెనీ గీతతో వచ్చిన కొత్త గ్లాసును కొసరాయన డాక్టరు చేతికిచ్చాడు.

"నువ్వే కలుపు తమ్ముడూ. నేను విమానంలో అటు తిరిగి కూర్చుంటాను. ఎంత పోశావని కూడా అడగను."

"నేనా అన్నయ్యా?"

"నువ్వే. నడిపేది నేను. పక్క సీట్లో నువ్వు."

డాక్టరు క్లినిక్‌కి ఫోన్ చేసి, ఆ పూట ఎవరినీ రానివ్వొద్దని చెప్పాడు. తర్వాత గ్లాసును కంటికి ఎదురుగా ఎత్తి పట్టుకుని, కూర్చుని ఒకసారి, నిలబడి ఒకసారి, కళ్ళజోడు తీసి ఒకసారి చూడడం మొదలుపెట్టాడు. విమానంలోంచి కొసరాయన కేకేశాడు.

"ఎంతసేపు తమ్ముడూ? ఎండెక్కిపోతోంది!"